‘నేనెవరో చెప్పు చూద్దాం’ అని అడగడం మానేద్దాం

డిమెన్షియా వచ్చిన పెద్దవాళ్ళను పలకరించడానికి వచ్చేవాళ్ళలో చాలామంది గడప దాటగానే అడిగే ప్రశ్న ఒకటుంది: “నేనెవరో చెప్పు చూద్దాం?” అడిగేది ప్రేమతోనే. తనను ఇంకా మరిచిపోలేదన్న మాట వినాలని ఆశ. జవాబు రాకపోతే అక్కడితో వదిలెయ్యరు. “మొన్ననే వచ్చాను కదా, గుర్తు లేదూ? పోనీ, మా నాన్న పేరు చెప్పు.” పక్కనున్నవాళ్ళు మొదటి అక్షరం అందిస్తారు. ఆవిడ నవ్వుతుంది, తలూపుతుంది, చేతులు నలుపుకుంటుంది, ఒక్కొక్కరి మొహం వంకా చూస్తుంది. చుట్టాలు వెళ్ళిపోతారు. సాయంత్రం ఆవిడ పెట్టిన కంచం తోసేసి, తలుపు గడియ లాగుతూ “మా ఇంటికి పోతాను” అని అరుస్తుంటే, జబ్బు ముదిరిందని అందరూ అనుకుంటారు.

మా అమ్మకు అల్జీమర్స్, డిమెన్షియా రకాల్లో అన్నిటికన్నా ఎక్కువగా కనిపించేది. ఆమెతో ఉంటూ, ఈ జబ్బు మీద దొరికిన పరిశోధనలన్నీ చదువుతూ వచ్చాక నాకు గట్టిగా కుదిరిన నమ్మకం ఒకటి ఉంది. మధ్యాహ్నం అడిగిన ఆ ప్రశ్నలకూ, సాయంత్రం వచ్చిన ఆ కేకకూ మధ్య ఒక దారి ఉంది. అది రక్తంలో నడిచే దారి. దాన్ని కొలవచ్చు, ఎక్కడ మొదలై ఎక్కడ తేలుతుందో చూపించవచ్చు. మతిమరుపు ఉన్న మనిషిని పదే పదే పరీక్షించడం, సరిదిద్దడం, “కాదు, అది కాదు” అనడం ఆమె శరీరానికి మనం చేసే హాని. ఏ మాత్రా మొదలుపెట్టకముందే ఇది ఆగాలి.

ముందు ఆ దారి సంగతి చెబుతాను.

భయమో, అవమానమో, ఏం జరుగుతోందో తెలియని అయోమయమో కలిగినప్పుడు మెదడు అడుగున ఉన్న హైపోథాలమస్ ఒక రసాయనాన్ని వదులుతుంది. దాన్ని అందుకున్న పిట్యూటరీ గ్రంథి ఏసీటీహెచ్ అనే హార్మోన్‌ను రక్తంలోకి పంపుతుంది. అది మూత్రపిండాల పైన ఉండే ఎడ్రినల్ గ్రంథులను చేరగానే అక్కడ కార్టిసాల్ అనే ఒత్తిడి హార్మోన్ తయారవుతుంది. ఎడ్రినలిన్ అయితే ఈపాటికే వచ్చి గుండె దడ పెంచేసి ఉంటుంది. కానీ ఎడ్రినలిన్ నిమిషాల్లో తగ్గిపోతుంది. కార్టిసాల్ అలా కాదు. రక్తంలో చేరినది సగానికి రావడానికే గంట పైన పడుతుంది. ఆ గంటలోపు ఇంకో కలవరం వస్తే, పాతది పోకముందే దాని మీద కొత్తది చేరుతుంది.

మనకు ఇదంతా రోజూ జరిగేదే. పొద్దున్న నిద్ర లేచిన అరగంట, ముప్పావుగంటకు కార్టిసాల్ పతాకస్థాయికి వెళుతుంది, అక్కడినుంచి దిగుతూ అర్ధరాత్రికి అట్టడుగుకు చేరుతుంది. మధ్యలో ఎవరితోనన్నా మాటా మాటా వచ్చినా, కాసేపటికి మెదడే “ఇక చాలు” అని ఆపుతుంది. ఆపేది ఎవరు? అందులో ముఖ్యమైన భాగం మెదడు లోపల ఉండే హిప్పోక్యాంపస్‌ది. 1968లో రాక్‌ఫెలర్ విశ్వవిద్యాలయంలో బ్రూస్ మెక్యూయెన్, ఆయన సహచరులు ఎలుకల్లో ఒత్తిడి హార్మోన్ ఎక్కడ పట్టుకుంటోందో వెతికితే, హిప్పోక్యాంపస్‌లో ఎక్కువగా నిలిచి కనిపించింది. జ్ఞాపకాలను పోగుచేసే చోటు ఒత్తిడి హార్మోన్ మాట కూడా వింటోందని అప్పటిదాకా ఎవరూ అనుకోలేదు. తరవాతి దశాబ్దాల్లో తెలిసిందేమంటే, అది వినడమే కాదు, హైపోథాలమస్‌కు కబురు పంపి హార్మోన్ ఉత్పత్తిని తగ్గిస్తుంది కూడా.

అల్జీమర్స్ ముందుగా దెబ్బతీసే చోట్లలో ఈ హిప్పోక్యాంపస్ ఒకటి. నన్ను అన్నిటికన్నా ఎక్కువగా కదిలించిన విషయం ఇదే. కొత్త విషయాన్ని గుర్తుపెట్టుకునే చోటూ, ఒంట్లో రేగిన కలవరానికి కళ్ళెం వేసే చోటూ ఒకటే. అమ్మ నా పేరు మరిచిపోవడానికీ, చిన్న శబ్దానికే ఉలిక్కిపడి గంటల తరబడి తేరుకోలేకపోవడానికీ మూలం ఒకే నష్టంలో ఉంది. మొదటిదాన్ని జబ్బు అంటాం, రెండోదాన్ని మొండితనం అంటాం.

దీన్ని పరీక్షగా చూసే పద్ధతీ ఉంది. కార్టిసాల్‌లా పనిచేసే డెక్సామెథాసోన్ అనే కృత్రిమ స్టెరాయిడ్‌ను రాత్రిపూట ఇస్తే, ఆరోగ్యంగా ఉన్నవాళ్ళలో మర్నాడు కార్టిసాల్ బాగా పడిపోతుంది. అల్జీమర్స్ ఉన్నవాళ్ళలో చాలామందికి అది పడాల్సినంత పడదు. సాయంత్రం దిగాల్సిన మట్టం కూడా సరిగా దిగదు. ఇక ఎక్కువ కార్టిసాల్ తిరిగి హిప్పోక్యాంపస్‌నే దెబ్బతీస్తుందా అన్నది ఇంకో ప్రశ్న. 1998లో సోనియా లూపియెన్ బృందం కొన్నేళ్ళపాటు గమనించిన వృద్ధుల్లో, ఏటేటా కార్టిసాల్ పెరుగుతూ వచ్చినవాళ్ళ హిప్పోక్యాంపస్ మిగతావాళ్ళకంటే సుమారు 14 శాతం చిన్నదిగా కనిపించింది. అది కొద్దిమంది మీద చేసిన పని. ఏది ముందు, ఏది వెనక అన్నది దాంతో తేలదు. ఒత్తిడి వల్లే డిమెన్షియా వస్తుందని నేను అనడం లేదు, ఎవరైనా అంటే నమ్మకండి కూడా. నేను అంటున్నది, జబ్బు వచ్చాక ఒత్తిడిని తట్టుకునే యంత్రాంగమే చెడిపోతుందని.

అనుకోకుండా దీనికి సాక్ష్యంగా నిలిచిన ప్రయోగం ఒకటుంది. మెదడులో వాపు తగ్గిస్తే అల్జీమర్స్ నెమ్మదిస్తుందేమోనన్న ఆశతో అమెరికాలో 138 మందిని తీసుకుని, కొందరికి ప్రెడ్నిసోన్ అనే స్టెరాయిడ్‌ను తక్కువ మోతాదులో ఏడాదిపాటు, మిగతావారికి ఉత్తుత్తి మాత్ర ఇచ్చారు. ఫలితాలు 2000లో వచ్చాయి. జ్ఞాపకశక్తికి ఏ మేలూ జరగలేదు. ప్రవర్తన మాత్రం స్టెరాయిడ్ తీసుకున్నవాళ్ళలోనే ఎక్కువ దిగజారింది. ప్రెడ్నిసోన్ కార్టిసాల్ పని చేసే మందే. అంటే ఒంట్లో కార్టిసాల్ ఎక్కువైనట్టు చేస్తే ఏమవుతుందో ఆ రోగులు చూపించారు.

“ఏం హాని జరుగుతుంది లెండి, అయిదు నిమిషాల్లో మరిచిపోతారుగా” అంటారు కొందరు. మా ఇంటికి వచ్చినవాళ్ళే అన్నారు. వినడానికి సబబుగానే ఉంటుంది. కానీ ఇది తప్పని అయోవా విశ్వవిద్యాలయంలో చేసి 2014లో ప్రచురించిన చిన్న అధ్యయనం చూపించింది. అల్జీమర్స్ ఉన్న 17 మందికీ, లేని 17 మందికీ విషాదమైన సినిమా ముక్కలు, తరవాత సంతోషకరమైనవి చూపించారు. కాసేపటికి ఏం చూశారని అడిగితే అల్జీమర్స్ ఉన్నవాళ్ళు దాదాపు ఏమీ చెప్పలేకపోయారు. ఒకరికైతే సినిమా చూసిన సంగతే గుర్తులేదు. అయినా దుఃఖం పోలేదు. అరగంట వరకూ అడుగుతూనే ఉన్నారు, అది ఉంటూనే ఉంది. ఎంత తక్కువ గుర్తున్నవాళ్ళకు అంత ఎక్కువసేపు నిలిచింది.

ఆలోచించండి. మనకు బాధ కలిగితే, ఎందుకో తెలుసు కాబట్టి దాన్ని ఒక చోట పెట్టగలం. “ఆయన అలా అన్నాడు కాబట్టి నాకు మనసు బాలేదు” అనుకుంటాం, ఎవరికో చెప్పుకుంటాం, తేలికపడతాం. కారణం చెరిగిపోయి బాధ మాత్రం మిగిలితే? గుండె కొట్టుకుంటోంది, కడుపులో తిప్పుతోంది, ఏదో ప్రమాదం ఉందని ఒళ్ళంతా చెబుతోంది, అదేమిటో తెలియదు. అలాంటప్పుడు ఎవరైనా వెతుక్కునేది తలుపే. అమ్మ “మా ఇంటికి పోతాను” అన్నప్పుడు ఆమె అడుగుతున్నది ఇల్లు కాదని నాకు తోస్తుంది. ఈ స్థితి లేని చోటికి తీసుకెళ్ళమని అడుగుతోంది. “ఇదే కదమ్మా మన ఇల్లు” అనే జవాబు ఎంత నిజమైనా ఆమెకు పనికిరాదు.

ఈ జబ్బు చరిత్రలో మొదటి పేజీ తీసినా ఇదే కనబడుతుంది. 1901లో ఫ్రాంక్‌ఫర్ట్ ఆసుపత్రిలో అలోయిస్ అల్జీమర్ చూసిన అగస్టే డేటర్‌కు అప్పుడు 51 ఏళ్ళు. ఆమెలో ఇంట్లోవాళ్ళు మొదట గమనించింది మరుపు కాదు, భర్త మీద అనుమానం. తరవాతే మిగతావన్నీ. అల్జీమర్ రాసుకున్న కాగితాలు 1995లో మళ్ళీ దొరికాయి. పేరు అడిగితే అగస్టే అంది. ఇంటిపేరు అడిగితే అగస్టే అంది. భర్త పేరు అడిగితే, అగస్టే అనుకుంటాను అంది. “నన్ను నేను పోగొట్టుకున్నాను” అని కూడా అంది. ఆయన వైద్యుడు, ఇంతవరకూ ఎవరూ వర్ణించని జబ్బును తెలుసుకోవడానికి అడిగాడు, ఆ అడగడానికి అర్థం ఉంది. మనింట్లో సోఫా మీద కూర్చుని అడగడానికి ఏ అర్థం ఉంది?

ఆమె అనుమానాన్ని నేను ఊరికే ప్రస్తావించలేదు. అల్జీమర్స్‌లో కణాల లోపల పేరుకునే టావ్ ప్రొటీన్ చిక్కులు మెదడు కాండంలోని రాఫే కేంద్రకాల్లో చాలా ముందుగానే, మతిమరుపు బయటపడకముందే కనిపిస్తాయని శవపరీక్షల్లో తేలింది. ఆ పక్కనే నార్‌ఎడ్రినలిన్‌ను తయారుచేసే లోకస్ సెరూలియస్‌లోనూ అంతే. మెదడంతటికీ సెరొటోనిన్ అనే రసాయనాన్ని అందించేది ఆ రాఫే కణాలే. మనసు ఊరడిల్లడం, కోపం తమాయించుకోవడం, నిద్రా మెలకువల వరస, ఇవన్నీ ఆ సరఫరా మీద ఆధారపడి ఉన్నాయి. మతిమరుపుకు ఏళ్ళముందే మొదలైన దిగులు, చిరాకు, అనుమానం చాలా ఇళ్ళలో “వయసుతోపాటు వచ్చిన చాదస్తం” అనిపించుకుంటాయి. జబ్బు అప్పటికే లోపల పని మొదలుపెట్టి ఉండవచ్చు.

సెరొటోనిన్ అనగానే ఇప్పుడు అందరికీ ఒక అభిప్రాయం ఉంది. ‘ఆనందపు హార్మోన్’ అంటారు. అది తగ్గింది కాబట్టి పెంచే మాత్ర వేస్తే పెద్దాయన శాంతిస్తాడు అంటారు. ఫలానాది తింటే పెరుగుతుందని వాట్సాప్‌లో పంపిస్తారు. దీని మీద నాకు గట్టి అభ్యంతరం ఉంది.

1948లో క్లీవ్‌లాండ్‌లో మారిస్ రాపోర్ట్, అర్డా గ్రీన్, ఇర్విన్ పేజ్ ఈ పదార్థాన్ని రక్తం నుంచి వేరుచేసినప్పుడు వాళ్ళు వెతుకుతున్నది రక్తపోటు సంగతి. అది రక్తనాళాలను బిగిస్తుంది. మెదడులో కూడా ఉందని 1953లో బెట్టీ ట్వారోగ్ చూపించింది. ఒంట్లోని సెరొటోనిన్‌లో దాదాపు 90 శాతం పేగుల్లో తయారవుతుంది, అది రక్తంలోంచి మెదడులోకి వెళ్ళలేదు. మెదడు తనకు కావలసినది తనే, ట్రిప్టోఫాన్ అనే అమైనో ఆమ్లం నుంచి తయారుచేసుకోవాలి. కాబట్టి రక్తపరీక్షలో కనబడే సెరొటోనిన్ అంకెను చూసి అమ్మ మనసు ఎలా ఉందో చెప్పలేం. ముడిసరుకు ఎంత తిన్నా, తయారుచేసే కణాలే చచ్చిపోతుంటే ఏం లాభం?

మాత్రల సంగతి ఇంకా స్పష్టం. అల్జీమర్స్ ఉండి దిగులు కూడా ఉన్న 326 మందిని ఇంగ్లండులో మూడు జట్లుగా చేశారు. ఒక జట్టుకు సెర్ట్రాలిన్, ఒక జట్టుకు మిర్టజపిన్ (రెండూ దిగులుకు ఇచ్చే మందులే), మూడోదానికి ఉత్తుత్తి మాత్ర. 2011లో ఫలితాలు వచ్చాయి. మూడు జట్లకూ దిగులు కొంత తగ్గింది, మూడింటికీ ఒకేలా. దుష్ప్రభావాలు మాత్రం మందు తీసుకున్నవాళ్ళలో 40 శాతం పైన, తీసుకోనివాళ్ళలో 26 శాతం. మూడో జట్టుకు తగ్గడం నాకు ముఖ్యంగా తోచింది. వాళ్ళకు దొరికింది మామూలు సంరక్షణ, ఎలా ఉన్నారో తీరిగ్గా అడిగి తెలుసుకునే మనుషులు. ఏది ఎంత పనిచేసిందో ఆ అధ్యయనం విడదీసి చెప్పదు గానీ, మందు కాదన్నది చెప్పింది.

దిగులుకు కాకపోయినా ఉద్రేకానికి పనిచేస్తుందేమో? సెర్ట్రాలిన్ తరగతికే చెందిన సిటాలోప్రామ్ మీద 2014లో వచ్చిన అధ్యయనంలో 186 మంది ఉన్నారు. తొమ్మిది వారాలకు మందు తీసుకున్నవాళ్ళలో 40 శాతం మందికి చెప్పుకోదగ్గ మెరుగు కనిపించింది, తీసుకోనివాళ్ళలో 26 శాతం. తేడా నిజమే. అయితే వాడిన మోతాదు 30 మిల్లీగ్రాములు. 60 దాటినవాళ్ళకు 20కి మించి ఇవ్వొద్దని గుండె లయ చెడే ప్రమాదం దృష్ట్యా అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2012లోనే చెప్పింది. అధ్యయనంలోనూ కొందరి ఈసీజీలో ఆ మార్పు కనబడింది, జ్ఞాపకశక్తి కొంచెం తగ్గింది. పైగా ఈ తరగతి మందులన్నిటితోనూ పెద్దవాళ్ళకు రక్తంలో సోడియం పడిపోవడం, కాలు తడబడి పడిపోవడం ఉండనే ఉన్నాయి.

అయినా ఇవే నయం. వీటికన్నా తొందరగా చేతికి వచ్చేవి మానసిక వ్యాధులకు వాడే యాంటీసైకోటిక్ మందులు. డిమెన్షియా ఉన్న వృద్ధుల్లో వీటివల్ల చనిపోయే ప్రమాదం 1.6 నుంచి 1.7 రెట్లు ఉందని 17 అధ్యయనాలు చూసి 2005లో అదే సంస్థ నల్లపెట్టె హెచ్చరిక (మందు కాగితం మీద నల్లగీతల పెట్టెలో ముద్రించే అతి తీవ్రమైన హెచ్చరిక) పెట్టించింది. మామూలుగా పది వారాలు సాగే అలాంటి అధ్యయనంలో మందు తీసుకున్నవాళ్ళలో సుమారు 4.5 శాతం మంది, తీసుకోనివాళ్ళలో 2.6 శాతం మంది చనిపోయారు. అల్జీమర్స్‌లో ఉద్రేకానికి 2023లో అనుమతి పొందిన బ్రెక్స్‌పిప్రజోల్ మీద కూడా ఆ హెచ్చరిక ఉంది. మనిషి తనకో, పక్కవాళ్ళకో ప్రమాదం తెచ్చుకునే స్థితిలో ఈ మందులు అవసరమవుతాయి. ఇంట్లో ఎవరైనా ఇప్పటికే వాడుతుంటే ఈ వ్యాసం చదివి ఆపెయ్యకండి. ఒక్కసారిగా ఆపితే ఇంకో ప్రమాదం. డాక్టర్‌ను మూడు ప్రశ్నలు అడగండి: ఏ లక్షణం తగ్గాలని ఇస్తున్నారు, తగ్గిందని ఎప్పుడు చూస్తారు, తగ్గకపోతే ఎప్పుడు ఆపుతారు?

మందు తప్పని నేను అనడం లేదు. మందు చీటీ రాసేలోపు అడగాల్సినవి అడగడం లేదని నా గోడు.

అందులో మొదటిది నొప్పి. నోరు తెరిచి “మోకాలు నొప్పి” అనలేని మనిషి ఏం చేస్తుంది? ముట్టుకుంటే తోసేస్తుంది, తిడుతుంది, నడుస్తూనే ఉంటుంది, కూర్చోమంటే అరుస్తుంది. నొప్పి అంటే ఒంటికి అది రోజంతా ఆగని ఒత్తిడే. నార్వేలో 18 వృద్ధాశ్రమాల్లో డిమెన్షియాతోపాటు ఉద్రేకం కూడా ఉన్న 352 మందిని తీసుకుని, సగం చోట్ల ఎనిమిది వారాలపాటు పద్ధతి ప్రకారం నొప్పికి వైద్యం చేశారు. ఎక్కువమందికి ఇచ్చింది పారాసిటమాల్. వాళ్ళలో ఉద్రేకం సగటున 17 శాతం తగ్గింది. 2011లో వచ్చిన ఈ ఫలితాన్ని నేను ఎంతమందికి చెప్పానో. మెదడులోని రసాయనాల జోలికి పోకుండా, ఒళ్ళు నొప్పి తగ్గిస్తే మనిషి ఊరడిల్లింది. మలబద్ధకం, మూత్రంలో ఇన్‌ఫెక్షన్, సరిగా కూర్చోని కట్టుడు పళ్ళు, చెవిలో గులిమి, పవరు మారిన కళ్ళద్దాలు, ఇవన్నీ ఈ కోవలోకే వస్తాయి. నిన్నటిదాకా బాగున్న మనిషి ఒకటి రెండు రోజుల్లో తలకిందులైతే అది డిమెన్షియా ముదరడం కాదు. వెంటనే డాక్టర్‌కు చూపించాలి.

రెండోది, రోజు ఎలా గడిచిందన్నది. 1987లో గెరీ హాల్, క్యాథ్‌లీన్ బక్‌వాల్టర్ అనే ఇద్దరు నర్సింగ్ పరిశోధకులు చెప్పిన మాట నాకు ఏ మెదడు స్కాన్ కన్నా ఎక్కువ పనికొచ్చింది. డిమెన్షియా ముదిరేకొద్దీ ఒత్తిడిని తట్టుకునే హద్దు కిందికి దిగుతూ ఉంటుంది. పొద్దుట నుంచి చిన్న చిన్నవి పోగుపడుతూ వచ్చి ఆ హద్దు దాటిన క్షణాన మనిషి కట్టు తెంచుకుంటుంది. ఆ క్షణంలో జరిగినది, అంటే ఎవరో కుర్చీ జరిపారనో, దీపం వేశారనో, అదే కారణం అనుకుంటాం. అసలు కారణం పొద్దున్నుంచీ పోగైనది. కార్టిసాల్ మీద కార్టిసాల్ ఎలా చేరుతుందో పైన చెప్పాను కదా, వాళ్ళిద్దరూ మంచం పక్కన నిలబడి గమనించి చెప్పింది దానికి సరిగ్గా సరిపోతుంది.

స్నానం సంగతి చెబితే ఇది ఇంకా బాగా తెలుస్తుంది. అమ్మను స్నానాల గదిలోకి తీసుకెళ్ళేటప్పుడు ఆమె చెయ్యి నా మణికట్టు మీద ఉంటుంది. గడప దగ్గర వేళ్ళ కొసలే తగులుతుంటాయి. నీళ్ళ చప్పుడు మొదలవగానే గుప్పిట బిగుస్తుంది. బట్టలకు చెయ్యి వేస్తే గోళ్ళు దిగుతాయి. ఆమె వైపు నుంచి చూడండి. గోడలు ప్రతిధ్వనించే చిన్న గది, కాళ్ళ కింద తడి, ఎవరో తెలిసీ తెలియని మనిషి తన ఒంటిమీద బట్ట లాగుతున్నారు, పైనుంచి మొహం మీద నీళ్ళు. భయపడకపోతేనే ఆశ్చర్యం. ఇప్పుడు నీళ్ళు ముందే నింపి ఉంచుతాను, చప్పుడు ఉండదు. భుజాల మీద పెద్ద తువ్వాలు కప్పే ఉంటుంది, దాని మీద నుంచే గోరువెచ్చని నీళ్ళు పోస్తాను. మొదట పాదాలు, మొహం చిట్టచివర, అదీ తడిగుడ్డతో. తల స్నానం వేరే రోజు. ఇది నేను కనిపెట్టింది కాదు. 2004లో అమెరికా వృద్ధాశ్రమాల్లో చేసిన అధ్యయనంలో, మనిషి తీరును బట్టి షవర్ స్నానం చేయిస్తే కొట్టడం, గిచ్చడం వంటివి 53 శాతం, మంచం మీదే తువ్వాళ్ళతో ఒళ్ళు తుడిస్తే 60 శాతం తగ్గాయి. ఏ మందుకూ ఇంత ఫలితం నేను చదవలేదు. స్నానం సాఫీగా జరిగిన రోజు అమ్మ సాయంత్రం వేరుగా ఉంటుంది.

వెలుతురు మాట కూడా చెప్పాలి. నెదర్లాండ్స్‌లో 12 సంరక్షణ గృహాల్లో 189 మంది వృద్ధులతో చేసిన అధ్యయనం 2008లో వచ్చింది. వాళ్ళు కూర్చునే గదుల్లో పగలంతా బాగా ప్రకాశవంతమైన దీపాలు పెడితే దిగులు కొంత తగ్గింది, జ్ఞాపకశక్తి దిగజారడం కూడా కొద్దిగా నెమ్మదించింది. రాత్రిపూట మెలటోనిన్ అనే నిద్ర హార్మోన్ మాత్ర ఒక్కటే ఇచ్చినవాళ్ళకు నిద్ర పట్టడం మెరుగైనా మనసు ఇంకా ముడుచుకుపోయింది. వెలుతురుతో కలిపి ఇస్తే ఆ చెడు కనబడలేదు. మెదడు సెరొటోనిన్ నుంచే మెలటోనిన్‌ను తయారుచేసుకుంటుంది. పగలు వెలుతురు, రాత్రి చీకటి సరిగా అందితే ఆ వరస కొంతైనా నిలుస్తుంది. కిటికీ పక్కకు కుర్చీ జరపడానికి మందు చీటీ అక్కర్లేదు.

నా వాదానికి ఎదురుగా వచ్చే బలమైన మాట ఒకటుంది. మెదడుకు పని పెట్టకపోతే ఉన్నదీ పోతుంది కదా, అడుగుతూ ఉంటేనే కదా గుర్తుంటుంది అని. ఉద్దేశం మంచిది. మెదడుకు పని కావాలి, ఒప్పుకుంటాను. 2003లో ఎయిమీ స్పెక్టర్ బృందం ప్రచురించిన సామూహిక పద్ధతి ఒకటుంది, పద్నాలుగు బైఠకుల్లో చేస్తారు. తేలికపాటి నుంచి మధ్యస్థ డిమెన్షియా ఉన్నవాళ్ళ జ్ఞాపకశక్తికీ, జీవన నాణ్యతకూ అది మేలు చేసింది. చాలా దేశాల్లో ఇప్పుడు వాడుతున్నారు. ఆ పద్ధతిలో ముఖ్య సూత్రం, నిజాలు అడగొద్దు, అభిప్రాయాలు అడగమని. ఫొటో చూపించి “ఇదెవరు?” అంటే ఒకటే సరైన జవాబు, మిగతావన్నీ తప్పు. అదే ఫొటో చూపించి “ఈ రంగు బాగుందా?” “ఈ పిల్ల అల్లరిదిలా లేదూ?” అంటే తప్పు జవాబే లేదు. మెదడు పనిచేస్తుంది, ఓడిపోదు. ఆ రెండు ప్రశ్నలకూ అమ్మ మొహంలో తేడా నాకు కనబడుతుంది. మొదటిదానికి కళ్ళు తలుపు వైపు వెళతాయి. రెండోదానికి ఫొటో మీదికి వంగుతుంది.

మరి అబద్ధం చెప్పాలా అని కూడా అడుగుతారు. చనిపోయిన నాన్న గురించి “ఆయన ఇంకా రాలేదేం?” అని అమ్మ అడుగుతుంది. “నాన్న పోయారమ్మా” అంటే ఆ చావు కబురు ఆమెకు ప్రతిసారీ మొదటిసారే, ప్రతిసారీ ఒంట్లో అదే దెబ్బ. నేను అబద్ధమూ చెప్పను, ఆ నిజమూ చెప్పను. “నాన్న మీద బెంగగా ఉందా? నీకు కోపం వస్తే ఏం చేసేవారు?” అంటాను. ఆమె చెబుతుంది. చాలాసార్లు ఆ కబుర్లలోనే ఆ ఎదురుచూపు సడలుతుంది. సడలని రోజులూ ఉన్నాయి, అప్పుడు పక్కన కూర్చుని చెయ్యి పట్టుకోవడం తప్ప ఏమీ చెయ్యను.

ఇంతా రాసి, చూసుకునేవాళ్ళ ఒంట్లో కార్టిసాల్ గురించి చెప్పకపోతే వ్యాసం అబద్ధమవుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కప్రకారం 2021లో డిమెన్షియాతో ఉన్నవాళ్ళు 5 కోట్ల 70 లక్షలు. వాళ్ళలో ఎంతోమందిని ఇంట్లో చూసుకునేది కుటుంబంలోని ఆడవాళ్ళు. జానిస్ కీకోల్ట్-గ్లేజర్ బృందం 1995లో చేసిన పని చూడండి. డిమెన్షియా ఉన్న బంధువును చూసుకుంటున్న 13 మంది స్త్రీల చేతుల మీదా, అదే వయసున్న మరో 13 మంది చేతుల మీదా చిన్న గాయం చేసి, మానడానికి ఎన్నాళ్ళు పడుతుందో లెక్కపెట్టారు. మామూలువాళ్ళకు సగటున 39 రోజులు పట్టింది. చూసుకునేవాళ్ళకు 49 రోజులు. ఓర్పు లేదని, చిరాకు పడుతోందని ఎవరినైతే అంటారో, ఆవిడ చర్మం కూడా మానలేని స్థితిలో ఉంది.

పైన చెప్పిన తువ్వాలు, వెలుతురు, ఆచితూచి మాట్లాడడం, ఇవన్నీ చెయ్యడానికి ఒక మనిషి నిదానంగా ఉండాలి. నిద్రలేని మనిషి నిదానంగా ఉండలేదు. ఆమె గొంతులో వచ్చే విసుగును డిమెన్షియా ఉన్న మనిషి మాటలకన్నా ముందు పట్టేస్తుంది, మళ్ళీ ఇద్దరి ఒంట్లోనూ అదే చక్రం మొదలవుతుంది. కాబట్టి పెద్దవాళ్ళ కార్టిసాల్ తగ్గించే పనిలో సగం, చూసుకునేవాళ్ళకు గంటలు దొరికేలా చెయ్యడమే. ఫోన్ చేసి “అమ్మ ఎలా ఉంది?” అనే అన్నదమ్ములకూ అక్కచెల్లెళ్ళకూ నేను చెప్పేది ఇదే. సలహాలు వద్దు, కొత్త మాత్రల పేర్లు వద్దు. వారంలో ఒక మధ్యాహ్నం మీది అని రాసివ్వండి. ఆ మధ్యాహ్నం ఇంట్లో చూసుకునే మనిషి బయటికి వెళ్ళాలి, లేదా తలుపు వేసుకుని పడుకోవాలి. మీరొచ్చి కూర్చోండి, చేతికి మడతపెట్టే బట్టలు ఇవ్వండి, ఆమె ఎలా మడతపెట్టినా బాగుందనండి. మా అన్నయ్య ఇప్పుడు గురువారాలు తీసుకున్నాడు.